లాక్ ఆసుపత్రి: మన బస్సు దారిలోని చరిత్ర



శామీర్‌పేటలో బస్సెక్కి సికింద్రాబాద్ పోతుంటే హకీంపేట, బొల్లారం, అల్వాల్, తిరుమలగిరి దాటుతాం. దారిలో చాలాచోట్ల మిలిటరీ గోడలే కనబడతయి. 1897లో రొనాల్డ్ రాస్ ఈ కంటోన్మెంట్‌లోనే దోమలో మలేరియా క్రిమిని కనిపెట్టాడని అందరం చదివినం. అంతకు ముందు ఇక్కడే నడిచిన లాక్ ఆసుపత్రి గురించి మాత్రం మనకెవరూ చెప్పలేదు.

సికింద్రాబాద్ కంటోన్మెంట్ 1806లో మొదలైంది. తెల్ల సోల్జర్లలో చాలామందికి పెళ్లికి అనుమతి లేదు. సవాయి, సెగ రోగాలతో వాళ్లు ఆసుపత్రుల్లో పడేవాళ్లు. సైన్యం ఏం చేసింది? 1864 కంటోన్మెంట్ చట్టం, 1868 అంటురోగాల చట్టం ఆసరాతో సోల్జర్ల దగ్గరికొచ్చే ఆడవాళ్ల పేర్లు రిజిస్టర్‌లో ఎక్కించింది. వాళ్లకు టికెట్ ఇచ్చి, వంతులవారీగా ఒళ్లు పరీక్ష చేయించింది. రోగముంటే లాక్ ఆసుపత్రిలో పెట్టేవాళ్లు. నయమైందని డాక్టర్ అనేదాకా బయటికి పోనిచ్చేవాళ్లు కాదు. మద్రాసు సైన్యం కింద ఇట్లాంటి ఆసుపత్రులు నడిచిన చోట్లలో సికింద్రాబాద్ ఒకటి.

మిలిటరీ డాక్టర్లు ఏటేటా లెక్కలు కట్టి రిపోర్టులు రాసేవాళ్లు. అయితే సెగ క్రిమిని నైసర్ కనిపెట్టింది 1879లో, సవాయి క్రిమి దొరికింది 1905లో. అంటే రోగమెందుకు వస్తదో సరిగ్గా తెలియకముందే ఆడవాళ్లను బంధించారన్నమాట. మందు పాదరసం, అది కూడా విషమే. రోగం తెచ్చిన సోల్జర్‌కు మాత్రం రిజిస్టర్ లేదు, టికెట్ లేదు.

ఇంగ్లండులో జోసెఫిన్ బట్లర్ వంటివాళ్లు పోరాడితే 1888లో ఇక్కడి చట్టం రద్దయింది. ఆలోచన మాత్రం పోలేదు. 1946 నుంచి 1948 దాకా అమెరికా డాక్టర్లు గ్వాటెమాలాలో ఖైదీలకు, సైనికులకు, మానసిక రోగులకు అడగకుండానే ఈ రోగాలు అంటించి పరీక్షలు చేశారు. ఆ ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2010లో.

ఈ చరిత్ర మనకెందుకు? 1868 చట్టం వచ్చిన మూడేళ్లకే, 1871లో, నేరస్థ తెగల చట్టం వచ్చింది. 1911లో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ పాకింది. యెరుకల వంటి మనవాళ్ల పేర్లు పోలీసు రిజిస్టర్లకెక్కినయి. ఆ చట్టం 1952 దాకా పోలేదు. ఒక చోట రోగమన్నారు, ఇంకో చోట నేరమన్నారు. రెండు చోట్లా పుట్టుకనో బతుకుదెరువునో చూసి ముద్ర వేశారు, నోరులేనోళ్లను లెక్కల్లో అంకె చేశారు.

అందుకే తండాకో, గూడేనికో ఎవరైనా రక్తం తీసుకోనీకి, సర్వే చేయనీకి వస్తే ముందు అడుగుదాం: ఎందుకు, ఎవరి కోసం, ఫలితం మాకు చెప్తరా, వద్దంటే వదిలేస్తరా? సైన్సుకు మనం శత్రువులం కాదు. మా ఒళ్లు మాది అనే మాట మాత్రం ముందు చెప్పాలె.