మాచ్‌ఖండ్ నీటి నుంచి సీమ ఎండ దాకా: గాజువాక మీదుగా ఏడు దశాబ్దాల కరెంటు

విశాఖపట్నం అనగానే ఓడరేవు, ఉక్కు కర్మాగారం తలపుకొస్తాయి. వాటిని నడిపిన కరెంటు ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఎవరు ఏ లెక్కతో తెచ్చారో మనం చెప్పుకున్నది తక్కువ. ఇప్పుడు చెప్పుకోవాలి. రాయలసీమ ఎండనూ గాలినీ కరెంటుగా మార్చి రాష్ట్రమంతటికీ పంచాలన్న ప్రయత్నం ఊపందుకున్న ఈ రోజుల్లో, డెబ్బై ఏళ్ల ఆ అనుభవమే మనకున్న గట్టి ఆధారం. అది మళ్లీ మళ్లీ నేర్పుతున్న పాఠం ఒకటే. విద్యుత్ కేంద్రం, లైను, నిల్వ, ఈ మూడింటినీ ఒకే పటం మీద గీసుకున్నప్పుడు ఈ ప్రాంతం బాగుపడింది. ఒకటి ముందు పరిగెత్తి మిగతావి వెనకబడినప్పుడల్లా పెట్టిన డబ్బు అక్కరకు రాలేదు.

కొండల్లో పుట్టిన వెలుగు

ఉత్తరాంధ్రకు మొదటి పెద్ద వెలుగు తూర్పు కనుమల్లోంచి దిగింది. డుడుమ జలపాతం దగ్గర మాచ్‌ఖండ్ జల విద్యుత్ కేంద్రాన్ని 1955లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆరు యూనిట్లు కలిపినా దాని సామర్థ్యం సుమారు 115 మెగావాట్లే. ఇవాళ ఒక్క సోలార్ పార్కు దానికి ఎన్నో రెట్లు. అయినా అది గొప్ప ప్రణాళిక. నది ఒడిశా, ఆంధ్ర రెండు రాష్ట్రాలది, ఖర్చూ కరెంటూ ఆ రెండు రాష్ట్రాలవి. జలాశయం, జనరేటర్లు, విశాఖ వైపు దిగే లైన్లు ఒకే ఆలోచనలో భాగాలు. ప్రాంతీయ గ్రిడ్ అన్న మాట వాడుకలోకి రాకముందే ఇంజనీర్లు ఆ పని చేసి చూపించారు.

మాచ్‌ఖండ్ నది దిగువకు వచ్చి సీలేరు అవుతుంది, శబరిలో కలిసి గోదావరిని చేరుతుంది. ఆ దారి పొడవునా ఒకే నీటిని మెట్టు మెట్టుకూ వాడుకునే ఏర్పాటు సాగింది. బలిమెల నీటిని ఒడిశా, ఆంధ్ర చెరిసగం పంచుకున్నాయి. మన వాటా గుంటవాడ, డొంకరాయిల మీదుగా దిగి ఎగువ సీలేరులో 240 మెగావాట్లు, మోతుగూడెం దిగువన 460 మెగావాట్లు ఇచ్చే కేంద్రాలను తిప్పింది. 1959లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ మండలి ఈ జలవిద్యుత్తును మైదాన ప్రాంతాలకు చేర్చింది.

కింద విశాఖ శివార్లలోని గాజువాక చుట్టుపక్కల వాడకం కూడా అదే వేగంతో పెరిగింది. రిఫైనరీ వచ్చింది. భారీ యంత్ర పరికరాలు చేసే బీహెచ్‌పీవీ, ఎరువుల కర్మాగారం, మింది దగ్గర విద్యుద్విశ్లేషణతో నడిచే జింక్ కర్మాగారం వచ్చాయి. 1971 జనవరి 20న ఇందిరా గాంధీ ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. ఉక్కు పనికి పగలూ రాత్రీ ఒకటే. కొలిమిని సాయంత్రం ఆర్పి పొద్దున వెలిగించడం కుదరదు. అందుకే ఉక్కు కర్మాగారం తన ఆవరణలోనే సొంత థర్మల్ కేంద్రాన్ని కట్టుకుంది. 2002లో పరవాడ దగ్గర ఎన్టీపీసీ సింహాద్రి మొదటి యూనిట్ నడక మొదలుపెట్టింది. తర్వాతి పదేళ్లలో ఆ కేంద్రం 2,000 మెగావాట్లకు చేరింది. కొండ నీటితో మొదలైన ప్రాంతం ఒక తరం తిరిగేసరికి బొగ్గు మీద ఆధారపడింది.

కాడి కలవని ఎడ్లు

1964లో దేశాన్ని ఐదు విద్యుత్ ప్రాంతాలుగా విభజించి ప్రాంతీయ మండళ్లు పెట్టారు. ఆంధ్రప్రదేశ్ దక్షిణ ప్రాంతంలో, పొరుగునే ఉన్న ఒడిశా తూర్పు ప్రాంతంలో పడ్డాయి. 1990లలో ఈ ఇరుగుపొరుగుల పరిస్థితి చూస్తే బాధ కలిగేది. తూర్పున బొగ్గు కేంద్రాలు ఎక్కువ, వాడకం తక్కువ. అక్కడ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్‌కు బాగా పైన ఉండేది. దక్షిణాన వాడకం ఎక్కువ, ఉత్పత్తి తక్కువ. ఇక్కడ ఫ్రీక్వెన్సీ కుంగిపోయేది, కోతలు తప్పేవి కావు. నడక కలవని రెండు ఎడ్లను ఒకే కాడికి కడితే రెండూ పడిపోతాయి. ఆ రెండు గ్రిడ్లను మామూలు ఏసీ లైనుతో కలిపినా అదే జరిగేది.

దానికి పరిష్కారం గాజువాకలో దొరికింది. ఒడిశాలోని జయపురం నుంచి తూర్పు కనుమలు దాటి 400 కేవీ లైను గాజువాకకు చేరుతుంది. అక్కడి పవర్‌గ్రిడ్ కేంద్రంలో తూర్పు నుంచి వచ్చిన ఏసీని థైరిస్టర్ వాల్వులు డీసీగా మారుస్తాయి. అదే ఆవరణలో మరో వరుస వాల్వులు దాన్ని దక్షిణ గ్రిడ్ ఫ్రీక్వెన్సీకి తగిన ఏసీగా మళ్లీ మారుస్తాయి. రెండు గ్రిడ్లూ ఎవరి నడక వారిదిగానే ఉండేవి, కరెంటు మాత్రం చేతులు మారేది. పైగా, ఇన్ని మెగావాట్లు అని ఆదేశిస్తే సరిగ్గా అన్నే వెళ్తాయి. 500 మెగావాట్ల మొదటి మార్పిడి యూనిట్ (పోల్) 1999లో, అంతే సామర్థ్యంతో రెండోది 2005లో వచ్చాయి. ఇలాంటిదే అయిన చంద్రపూర్ దగ్గరి భద్రావతి కేంద్రం, తాల్చేరు–కోలారు డీసీ లైను కూడా తోడవడంతో దక్షిణాదికి ఊపిరాడింది.

2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలి, దాదాపు 60 కోట్ల మంది ఉండే ప్రాంతం చీకటిలో మునిగింది. డీసీ వారధులతో మాత్రమే ముడిపడి ఉన్న దక్షిణాది నిలబడింది. ఆ రెండు రోజుల్లో గాజువాక లాంటి కేంద్రాల విలువ దేశానికి తెలిసింది.

అయితే ఒంటరితనానికీ ఖరీదు ఉంది. మిగతా దేశంలో కరెంటు చౌకగా దొరుకుతున్నప్పుడు కూడా, తెచ్చుకునే లైన్లు చాలక దక్షిణాది పంపిణీ సంస్థలు (డిస్కంలు) ఎక్కువ ధర పెట్టి కొన్నాయి. 2013 డిసెంబర్ 31న రాయచూర్–సోలాపూర్ 765 కేవీ లైను ద్వారా దక్షిణ గ్రిడ్ జాతీయ గ్రిడ్‌తో ఏకమైంది. తర్వాత అంగుల్–శ్రీకాకుళం–వేమగిరి 765 కేవీ మార్గం ఉత్తరాంధ్ర మీదుగా కొత్త రాదారి వేసింది. అంత జరిగినా గాజువాక కేంద్రం అవసరం తీరలేదు. మామూలు ఏసీ లైనులో కరెంటు తనకు వీలైన దారి వెతుక్కుంటుంది. ఇక్కడ మనం చెప్పిన దారిన, చెప్పినంతే నడుస్తుంది. గాలి పెరిగి తగ్గే గ్రిడ్‌కు ఈ అదుపు మరింత అవసరం.

సీమ ఎండ, విశాఖ కొలిమి

2014లో రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్ పునరుత్పాదక విద్యుత్తు వైపు వేగంగా నడిచింది. అనంతపురం కొండల మీద గాలిమరలు బారులు తీరాయి. ఓర్వకల్లు సమీపాన గని, శకునాల గ్రామాల దగ్గర 1,000 మెగావాట్ల కర్నూలు సోలార్ పార్కు 2017లో పూర్తయింది. దశాబ్దం ముగిసేనాటికి రాష్ట్రంలో పవన, సౌర సామర్థ్యం 7,000 మెగావాట్లు దాటింది.

పాత పాఠం ఇక్కడ మళ్లీ ఎదురైంది. సోలార్ పార్కు ఒకటి రెండేళ్లలో లేస్తుంది. పెద్ద లైనుకు భూమి, అడవి అనుమతులు, టవర్లు అన్నీ కలిపి అంతకు రెండు మూడింతల కాలం పడుతుంది. గాలి జూన్ నుంచి సెప్టెంబరు దాకా జోరుగా వీస్తుంది. ఎండ మధ్యాహ్నం దాటాక వాలిపోతుంది. వాడకం సాయంత్రం ఆరు తర్వాత పెరుగుతుంది. ఫ్రీక్వెన్సీని 49.90–50.05 మధ్య నిలపాల్సిన లోడ్ డిస్పాచ్ ఇంజనీరుకు ప్రతి మేఘమూ ఒక పరీక్ష. దారి లేనప్పుడు, కొనేవారు లేనప్పుడు ఉత్పత్తిని తగ్గించే బ్యాక్‌డౌన్ తప్పలేదు. 2019లో పవన, సౌర ఒప్పందాల ధరలను తిరగదోడే ప్రయత్నం మొదలై, వివాదం హైకోర్టుకెక్కి, 2022 దాకా సాగింది. చిక్కు ఎండలోనూ గాలిలోనూ లేదు. ఉత్పత్తి ముందు నడిచింది, గ్రిడ్ వెనక నడిచింది.

అమెరికాలో టెక్సస్ దీన్ని తిరగేసి చేసింది. 2005లో చట్టం చేసి, గాలి బాగా వీచే మండలాలను ముందే గుర్తించి, గాలిమరల కోసం ఎదురుచూడకుండా 2013 చివరికల్లా లైన్లు వేసింది. జర్మనీలో ఉత్తరాన గాలి, దక్షిణాన పరిశ్రమ. వాటిని కలిపే సూడ్‌లింక్ డీసీ లైను ఏళ్ల తరబడి ఆలస్యమై ఆ దేశానికి భారమైంది. మన కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2022 డిసెంబరులో 2030 లక్ష్యాల కోసం సుమారు 2.44 లక్షల కోట్ల రూపాయల లైన్ల ప్రణాళిక ప్రకటించి, అనంతపురం, కర్నూలు మండలాలను అందులో చేర్చింది. ఇది సరైన వరస. దీన్ని గడువులోగా కట్టి చూపించాలి.

ఉన్న వనరులతో చేయగల సర్దుబాట్లు కూడా ఉన్నాయి. పంపుసెట్లకు పగటిపూటే 9 గంటల కరెంటు ఇవ్వడం వల్ల వాడకం ఎండ ఉన్న వేళకు జరిగింది. రైతుకు అర్ధరాత్రి పొలానికి పోయే ప్రమాదం తప్పింది, గ్రిడ్‌కు మధ్యాహ్నపు మిగులు అక్కరకొచ్చింది. ఒక్క నిర్ణయంతో ఇన్ని మేళ్లు జరగడం అరుదు.

మళ్లీ సీలేరు

ఇక నిల్వ. నాగార్జునసాగర్‌లో నీటిని తిరిగి పైకి తోడగల యంత్రాలను 1980లలోనే బిగించారు. దిగువన నీటిని నిలిపే టెయిల్‌పాండ్ ఆనకట్ట పూర్తయ్యేసరికి మూడు దశాబ్దాలు గడిచాయి. వరస తప్పితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. ఇప్పుడు నంద్యాల జిల్లా పిన్నాపురంలో సౌర, పవన విద్యుత్తును ఇలా నీటిని పైకి తోడి నిల్వచేసే పంప్డ్ స్టోరేజీతో జతచేసిన భారీ ప్రాజెక్టు రూపుదిద్దుకుంది. ఎగువ సీలేరులో గుంటవాడను పై జలాశయంగా, డొంకరాయిని కింది జలాశయంగా వాడుకుంటూ 1,350 మెగావాట్ల పథకాన్ని ఏపీ జెన్‌కో తలపెట్టింది. ఉన్న జలాశయాలనే వాడుకునే ఇలాంటి పథకాలకు మొదటి స్థానం ఇవ్వాలన్నది నా గట్టి నమ్మకం.

ఎందుకంటే ఆ కొండలకు మనం బాకీ ఉన్నాం. మాచ్‌ఖండ్, బలిమెల నీటి కింద ఆదివాసుల పొలాలూ ఊళ్లూ మునిగాయి. ఆ కరెంటు గిరిజన గూడేల మీదుగా విశాఖకు సాగింది, వాటిలో చాలావాటికి దీపం దశాబ్దాల తర్వాత గాని అందలేదు. అల్లూరి సీతారామరాజు జిల్లాలో కొత్త పంప్డ్ స్టోరేజీ ప్రతిపాదనలను అక్కడి ఆదివాసులు వ్యతిరేకిస్తున్నారంటే దాని వెనక ఆ జ్ఞాపకం ఉంది. గిరిజన ప్రాంతాల గ్రామసభలకు అధికారమిచ్చే పీసా చట్టం 1996 నుంచీ ఉంది. గ్రామసభ మాటను ప్రణాళికలో తొలి అడుగుగా వినాలి. అంతా అయ్యాక తీసుకునే సంతకంగా అది మిగలకూడదు.

వాడకం మాత్రం ఆగదు. 2025 జనవరి 8న పూడిమడకలో ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు శంకుస్థాపన జరిగింది. అదే ఏడాది అక్టోబరులో విశాఖకు గూగుల్ భారీ డేటా కేంద్రాన్ని ప్రకటించింది. కొలిమిలాగే ఈ రెండింటికీ రాత్రింబవళ్లు కరెంటు కావాలి. తుపాను భయమూ ఉంది: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ నగర విద్యుత్ వ్యవస్థను నేలకూల్చింది, ఆ తర్వాతే విశాఖలో భూగర్భ కేబుళ్లు వేశారు. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ చీకటిలో పడినప్పుడు, వోల్టేజీ అదుపు తప్పితే ఎంత కరెంటు ఉన్నా నిలవదని తేలింది. థర్మల్ యూనిట్లు ఒక్కొక్కటిగా విశ్రమించేనాటికి వోల్టేజీని నిలిపే ఏర్పాటును కూడా ఇప్పుడే లెక్కలోకి తీసుకోవాలి.

మాచ్‌ఖండ్ కట్టినవారి దగ్గర కంప్యూటర్లు లేవు, ఉపగ్రహ చిత్రాలు లేవు. నదినీ లైనునీ వాడకాన్నీ పొరుగు రాష్ట్రాన్నీ కలిపి చూసే దృష్టి ఉంది. గాజువాక కేంద్రాన్ని నిలబెట్టినవారిలోనూ అదే దృష్టి ఉంది. సీమ ఎండ విశాఖ కొలిమిని వెలిగించాలంటే మనకు కావలసిందీ అదే: లైను ముందు, నిల్వ పక్కన, ప్యానెల్ ఆ తర్వాత, అన్నిటికన్నా ముందు కొండవాసి సమ్మతి. ఈ వరస పాటిస్తే పాతికేళ్లలో ఉత్తరాంధ్ర బొగ్గు పొగను వదిలించుకోగలదు. అందుకు కావలసిన నీరూ గాలీ ఎండా జ్ఞానమూ మన నేల మీదే ఉన్నాయి.