మోటుపల్లి అభయశాసనం

పెనుగాలికి ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకువస్తే అందులోని సరుకు ఎవరిది? పూర్వం చాలా దేశాలలో దానికి ఒకటే జవాబు: ఆ తీరాన్ని ఏలే రాజుది. ప్రాణాలతో గట్టెక్కినవాడికి కట్టుబట్టలే మిగిలేవి.

తెలుగు తీరంలో ఈ హక్కును వదులుకున్నవాడు కాకతీయ గణపతిదేవుడు. చినగంజాం దగ్గరి మోటుపల్లిలో, వీరభద్రాలయంలో ఉన్న ఆయన స్తంభశాసనం శకం 1166 (క్రీ.శ. 1244-45) నాటిది. ఓడలు పగిలి చేరినవారి బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు పూర్వరాజులు బలవంతాన లాక్కునేవారని అందులో దాపరికం లేకుండా చెప్పించాడు. ప్రాణంకంటె ధనమే మిన్న అనుకొని కడలికి తెగించినవారిపై దయతో, నిర్ణీత సుంకం తప్ప తక్కినదంతా విడిచిపెడుతున్నానన్నాడు. ఆ సుంకం ముప్పయ్యోవంతు. దయ అన్నాడు గాని, లెక్క తెలిసినవాడే సుమండీ! అభయమున్న రేవుకే కదా ఓడలు వచ్చేది.

1358లో అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకు మళ్ళీ అభయమిచ్చాడు. రాజ్యం మారితే మాటా కొత్తగా ఇవ్వవలసిందే కాబోలు.

అయితే గణపతిదేవుడు కాపాడింది సరుకును. తిరిగిరానివాడి ఆలుబిడ్డల సంగతి వేరు. ఆ పనికి ఇంగ్లండులో 1839లో షిప్‌రెక్డ్ మ్యారినర్స్ సొసైటీ పుట్టింది. అంతకు ముందటేడు క్లోవెల్లి జాలరులు తుపానులో పోవడమే దానికి కారణం. గట్టెక్కిన నావికుడికి తిండి, బట్ట, ఇంటికి దారిఖర్చు. గల్లంతైనవాడి భార్యకూ పిల్లలకూ కొంత సొమ్ము ఆ సంస్థ ఇచ్చేది.