దివంగత నేతలు, ఏలికల సినిమా

నియంతలకు బతికున్న నాయకుడికంటే చనిపోయినవాడే ఎక్కువ అక్కరకొస్తాడు. అతను ఎదురు చెప్పడు, మాట మార్చడు. ఏ మాటైనా అతని నోట పలికించవచ్చు. 20వ శతాబ్దంలో ఈ పనికి సినిమా బలమైన సాధనమైంది.

రష్యా విప్లవ నేత లెనిన్ 1924 జనవరిలో మరణించాడు. విప్లవానికి ఇరవయ్యేళ్లు నిండిన 1937లో మిఖాయిల్ రోమ్ 'అక్టోబరులో లెనిన్' తీశాడు. బోరిస్ షుకిన్ లెనిన్‌గా నటించిన ఈ చిత్రంలో ఆయనకు కుడిభుజం స్టాలిన్. తోటి బోల్షెవిక్ నేతలు జినోవియెవ్, కామెనెవ్‌లు మాత్రం ద్రోహులు. వాళ్లిద్దరినీ స్టాలిన్ ప్రభుత్వం అంతకుముందు ఏడాదే కాల్చి చంపింది. 1956లో కమ్యూనిస్టు పార్టీయే స్టాలిన్ ఆరాధనను ఖండించాక ఇదే సినిమాకు కత్తెర పడింది. కోయడం కుదరని చోట్ల స్టాలిన్ కనబడకుండా మరో మనిషినో, వస్తువునో అడ్డం పెట్టారు. చచ్చిన లెనిన్ చరిత్ర రెండుసార్లు, రెండు అవసరాలకు మారిందన్నమాట.

జర్మనీలో 1930లో హత్యకు గురైన తమ కార్యకర్త హోర్స్ట్ వెసెల్‌ను నాజీలు అమరుడిగా నిలబెట్టారు. 1933లో అతనిపై తీసిన సినిమా ఆ స్థాయికి తగ్గట్టు లేదని ప్రచార మంత్రి గోబెల్స్ ఆపేశాడు. మార్పులు చేసి, కథానాయకుడి పేరు కూడా మార్చి 'హాన్స్ వెస్ట్‌మార్'గా విడుదల చేశారు.

ఏలికలు తమ ముద్ర వేసేది సినిమాతోనే కాదు. హైదరాబాద్ సంస్థానంలో నిజాం రాచరికం తన గుర్తును ఊళ్లపై, కార్ఖానాలపై వేసుకుంది. ఇందూరు నిజామాబాద్ అయింది, బోధన్‌లో నిజాం షుగర్స్ వెలిసింది. ఆ పాలనను ఎదిరించిన దాశరథి కృష్ణమాచార్య 1948లో ఇందూరు ఖిల్లాలోని జైలు గోడ మీద బొగ్గుతో పద్యం రాశారు. తర్వాతి కాలంలో ఆయన సినీ గీత రచయిత అయ్యారు. ఆ రాచరికంపై సాగిన తెలంగాణ రైతాంగ పోరాటం కూడా 1980లో 'మా భూమి'గా తెరకెక్కింది.

ఎన్నికలున్న చోటా దివంగత నేతల సినిమాలు వస్తాయి. 2019లో తెలుగునాట మాజీ ముఖ్యమంత్రులు ఎన్టీఆర్, వై.ఎస్.లపై వరస కట్టాయి. జనవరిలో 'ఎన్టీఆర్ కథానాయకుడు', ఫిబ్రవరిలో వై.ఎస్. పాదయాత్రపై 'యాత్ర', అదే నెలలో 'ఎన్టీఆర్ మహానాయకుడు' విడుదలయ్యాయి. ఎన్టీఆర్ చిత్రాల్లో ఆయన పాత్ర వేసింది సొంత కొడుకు, అప్పటి ఎమ్మెల్యే బాలకృష్ణ. ఎన్టీఆర్ చివరి రోజులను మరో కోణంలో చూపిన రామ్‌గోపాల్ వర్మ 'లక్ష్మీస్ ఎన్టీఆర్' మార్చి చివర్లో తెలంగాణలో విడుదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం ఎన్నికలు ముగిసేదాకా ఆగింది. ఒకే నేత గురించి పొసగని కథలు ఒకే ఏడాది థియేటర్లకు రావడం నియంత ఎన్నడూ సహించని విషయం. బాలకృష్ణ నటించిన ఆ రెండు చిత్రాలకూ జనం పెద్దగా టికెట్లు కొనలేదు. అవి బాక్సాఫీసు దగ్గర దెబ్బతిన్నాయి.