మరణశిక్ష అమలు: గవర్నర్ చేతిలో ఏముంటుంది?

ఉంటర్‌ఫ్యోరింగ్: మ్యూనిక్‌ను ఆనుకుని ఉన్న ఈ ఊళ్లో మరణశిక్ష మాట సాధారణంగా రాదు. జర్మనీ 1949లోనే రాజ్యాంగం 102వ అధికరణతో దాన్ని రద్దు చేసింది. కానీ మన కుటుంబాలు ఇండియాలోనూ అమెరికాలోనూ ఉన్నాయి. ఆ రెండు దేశాల్లోనూ ఈ శిక్ష ఉంది, గవర్నర్లూ ఉన్నారు. పదవి పేరు ఒకటే, అధికారాలు వేరు.

ఇండియాలో

రాజ్యాంగం 161వ అధికరణ ప్రకారం గవర్నర్ శిక్షను తగ్గించవచ్చు, నిలిపివేయవచ్చు. అయితే అది సొంత నిర్ణయం కాదు. మంత్రివర్గ సలహా ప్రకారమే నడుచుకోవాలని 1980లో మారూరామ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 472వ సెక్షన్ గడువులు పెట్టింది. అప్పీలు కొట్టేసిన సంగతి జైలు అధికారి తెలిపిన నాటి నుంచి 30 రోజుల్లో ఖైదీ గానీ, కుటుంబం గానీ క్షమాభిక్ష కోరాలి. ముందు గవర్నర్‌ను ఆశ్రయించి ఉంటే, అక్కడ తిరస్కరించాక రాష్ట్రపతికి వెళ్లడానికి 60 రోజులు ఉంటాయి. 1993 చిలకలూరిపేట బస్సు దహనం కేసులో ఇద్దరి ఉరిశిక్షను 1998లో యావజ్జీవంగా మార్చింది రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్.

పెన్సిల్వేనియాలో

ఇక్కడ గవర్నర్ సంతకంతోనే శిక్ష అమలు మొదలవుతుంది. కేసు రికార్డు అందాక 90 రోజుల్లో ఆయన డెత్ వారెంట్ ఇవ్వాలి. ఇవ్వకపోతే జైళ్ల శాఖ కార్యదర్శి 30 రోజుల్లో అమలు నోటీసు జారీ చేయాలి. శిక్షను శాశ్వతంగా తగ్గించాలంటే క్షమాభిక్ష బోర్డు ఏకగ్రీవంగా సిఫార్సు చేయాలి. తాత్కాలికంగా ఆపడం మాత్రం గవర్నర్ ఒక్కరే చేయగలరు. 2015లో గవర్నర్ టామ్ వుల్ఫ్ ఆ అధికారంతోనే మరణశిక్షల అమలును ఆపారు. 2023లో జోష్ షాపిరో అదే బాటలో నడిచారు. అక్కడ చివరిసారి శిక్ష అమలైంది 1999లో.

తెలుగువారిని కలచివేసిన కేసు కూడా అక్కడిదే. 2012లో కింగ్ ఆఫ్ ప్రష్యాలో పది నెలల పసిపాప, ఆమె నాయనమ్మ హత్యకు గురయ్యారు. దోషిగా తేలిన రఘునందన్ యండమూరికి 2014లో మరణశిక్ష పడింది. 2018 ఫిబ్రవరి 23న అమలుకు నోటీసు వచ్చినా ఆ రోజు అమలు కాలేదు. ఒకే కేసులో బాధితులూ దోషీ మనవాళ్లే. గవర్నర్ కలం ఎటు కదిలినా ఒక ఇంట్లో గుండె మండుతుంది.

ఆరిజోనాలో

మనకు దగ్గరి ఉదాహరణ లాగ్రాండ్ సోదరులది. వాల్టర్ డిల్లింగెన్‌లో, కార్ల్ ఆగ్స్‌బర్గ్‌లో పుట్టారు. రెండూ బవేరియాలోని ఊళ్లే. 1982లో బ్యాంకు దోపిడీ సమయంలో జరిగిన హత్య కేసులో వారికి మరణశిక్ష పడింది. జర్మన్ కాన్సులేట్ సాయం కోరే హక్కు ఉందని అధికారులు వారికి సకాలంలో చెప్పలేదు. కార్ల్‌కు 1999 ఫిబ్రవరి 24న శిక్ష అమలైంది. వాల్టర్ విషయంలో బోర్డు 60 రోజులు ఆపమని సిఫార్సు చేసినా గవర్నర్ జేన్ హల్ ఒప్పుకోలేదు. అమలు చేయవద్దని హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం చెప్పిన రోజే, మార్చి 3న, ఆయన ప్రాణం తీశారు. అమెరికా తన బాధ్యతను ఉల్లంఘించిందని ఆ న్యాయస్థానం 2001లో తీర్పునిచ్చింది. అప్పటికి అన్నదమ్ములిద్దరూ లేరు.

బవేరియాలో

ఇక్కడ గవర్నర్ లేరు. క్షమాభిక్ష అధికారం రాష్ట్ర ముఖ్యమంత్రిది. మరణశిక్ష అమలుకు రాష్ట్ర ప్రభుత్వ ఆమోదం కావాలన్న వాక్యం మాత్రం బవేరియా రాజ్యాంగంలో 1998 దాకా ఉంది. దేశమంతటా శిక్ష రద్దయినందున అది ఏనాడో చెల్లకుండా పోయింది. ప్రజాభిప్రాయ సేకరణతో దాన్ని తీసేశారు.

గుర్తుంచుకోవాల్సింది

గవర్నర్ దగ్గరికి ఫైలు చేరేది అన్నిటికంటే చివర. కుటుంబం చేయగలిగింది మొదట్లోనే ఉంది. విదేశంలో మనవాళ్లు అరెస్టయితే, కాన్సులేట్‌కు తెలియజేయమని అడిగే హక్కు వియన్నా ఒప్పందం 36వ అధికరణ ఇస్తుంది. మొదటి రోజే లాయర్‌తో పాటు కాన్సులేట్‌నూ అడగమని చెప్పండి.