డేనియల్ బూన్‌కు నిలవని పట్టా

సాగులో ఉండీ పట్టా లేని రైతు పడే అగచాట్లు రెవెన్యూ శాఖలో పనిచేసిన మన మిత్రులకు నేను చెప్పనక్కరలేదు. అమెరికా అడవుల్లోకి దారి తీసిన తొలి వలసదారులలో పేరు మోసిన డేనియల్ బూన్ కథ కూడా దాదాపు అదే.

1775లో రిచర్డ్ హెండర్సన్ అనే ఆసామి చెరోకీ తెగ పెద్దలకు 10,000 పౌండ్ల విలువైన నగదు, సరుకులు ఇచ్చి, కెంటకీ ప్రాంతంలో సుమారు 2 కోట్ల ఎకరాలు కొన్నానన్నాడు. డ్రాగింగ్ కనూ అనే చెరోకీ నాయకుడు ఆ అమ్మకం కూడదని అక్కడే ఎదిరించాడు. ఆ అడవుల్లో వేటాడే షానీ తెగవారిని సరేసరి, అడిగిన నాథుడే లేడు. హెండర్సన్ కంపెనీ తరఫున బూన్ మనుషులను వెంటబెట్టుకుని, కంబర్లాండ్ కనుమ గుండా దారి కొట్టి, బూన్స్‌బరో కోట కట్టాడు. 1778లో వర్జీనియా ప్రభుత్వం ఆ కొనుగోలు చెల్లదన్నది. కంపెనీకి మాత్రం 2 లక్షల ఎకరాలు పరిహారం ముట్టింది! బూన్‌కు ఇస్తామన్న భూమి గాలికి పోయింది.

1779లో వర్జీనియా కొత్త చట్టం చేసింది. 1778కి ముందు స్థిరపడినవారికి 400 ఎకరాలు, దానిని ఆనుకుని మరో 1000 ఎకరాలు కొనుక్కునే హక్కు. వినడానికి బాగానే ఉన్నది. కాని ప్రభుత్వం ముందుగా సర్వే చేసి నంబర్లు వేసింది లేదు. ఎవరికి వారే స్థలం చూసుకుని, వారంటు తెచ్చి, సర్వేయరు వద్ద నమోదు చేయించి, కొలతలు వేయించి పట్టా పొందాలి. హద్దులంటే గాటు పెట్టిన చెట్టు, వాగు మలుపు. చెట్టు కూలితే హద్దు కూలినట్లే. ఒకే నేలకు నలుగురి చేతుల్లో నాలుగు కాగితాలు! బూన్ వ్రాయించిన హద్దులూ స్పష్టంగా లేక కోర్టుల్లో వీగిపోయాయి. అది అతని నిర్లక్ష్యమే అనేవారున్నారు. కొంత నిజమే, తానూ సర్వేయరుగా చేసినవాడే కదా. అయితే వకీళ్లను పెట్టుకోగలిగిన ధనికులకే ఆ పద్ధతి కలిసివచ్చిందన్నదీ అంతే నిజం.

విసిగిపోయి 1799లో స్పెయిన్ ఏలుబడిలోని మిస్సోరీకి వెళ్లాడు. అక్కడ 1000 ఆర్పెంట్లు, అంటే సుమారు 850 ఎకరాలు, మంజూరైనాయి. న్యూ ఆర్లియన్స్‌లో గవర్నరు చేత ఖాయం చేయించుకోలేదు. 1803లో ఆ ప్రాంతమంతా అమెరికా కొన్నది. భూమిలో కాపురముండలేదు, దున్నలేదు, దస్తావేజు పూర్తి కాలేదంటూ భూముల కమిషనర్లు 1809లో అతని హక్కు త్రోసిపుచ్చారు. వృద్ధాప్యంలో అర్జీలు పెట్టగా పెట్టగా 1814లో అమెరికన్ కాంగ్రెస్ ఆ భూమి తిరిగి ఇచ్చింది. కెంటకీ నాటి బాకీలు తీర్చడానికి దానిలో చాలా భాగం అమ్మేశాడు. 1820లో మిస్సోరీలోనే, కొడుకు ఇంట్లో కన్నుమూశాడు.