ఘ్రాణశక్తి: ఒక చిన్నచూపు చరిత్ర

వైరస్ జ్వరం తగ్గి, ముక్కుదిబ్బడ వదిలిన తరువాత కూడా నెలల తరబడి వాసన తెలియనివారు మీ ఇంట్లోనే ఉండవచ్చు. "కన్ను పోలేదు, చెవి పోలేదు గదా" అని మనం వారిని సముదాయిస్తాం. పాఠకులారా, ఈ చిన్నచూపు మనకు కొత్త కాదు. వైద్యశాస్త్రంలోనూ దీనికి చరిత్ర ఉన్నది.

1879లో ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా, మనిషి మెదడులో వాసనకు సంబంధించిన భాగం తక్కిన మెదడుతో పోలిస్తే చిన్నదిగా ఉండటం గమనించి, మానవుడు వాసనకు లోబడి నడిచే జీవి కాడని తీర్మానించాడు. క్రమంగా మనిషి ముక్కు మందమైనదన్న నమ్మకం పాఠ్యగ్రంథాలలో పాతుకుపోయింది. అది అపోహ అని 2017లో జాన్ మెక్‌గాన్ వివరంగా నిరూపించే వరకు దానిని ప్రశ్నించినవారు అరుదు.

ఈ నడుమ 1991లో లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ వాసన గ్రాహకాల జన్యువులను కనుగొన్నారు. 2004లో నోబెల్ బహుమతి పొందారు. 2009లో జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో థామస్ హమ్మెల్ బృందం వాసన కోల్పోయినవారికి గులాబి, నీలగిరి, నిమ్మ, లవంగం వాసనలను రోజుకు రెండుసార్లు చొప్పున 12 వారాలు చూపించింది. ఈ సాధన చేసినవారిలో కొందరికి ఘ్రాణశక్తి మెరుగుపడింది.

2020లో కోవిడ్ వచ్చిన పిమ్మట గాని లోకం ఈ బాధను లక్ష్యపెట్టలేదు. ఆ ఏడాది జూన్‌లో మన కేంద్ర ఆరోగ్యశాఖ కూడా వాసన కోల్పోవడాన్ని వ్యాధి లక్షణాలలో చేర్చింది. వైరస్ ప్రధానంగా దెబ్బతీసేది వాసన నాడీకణాలను కాదు, వాటిని కాపాడే సహాయక కణాలనని అదే సంవత్సరం హార్వర్డ్ పరిశోధకుల అధ్యయనం సూచించింది. అందుకే చాలామందికి వాసన త్వరలోనే తిరిగివస్తుంది. గాయం లోతైనప్పుడు మాత్రం నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరాలు పడుతుంది. అయినా ముక్కులోని నాడీకణాలు జీవితాంతం కొత్తవి పుడుతూనే ఉంటాయి. ఆశకు ఆధారం అదే.

వాసన తెలియనివారికి పోపు మాడినా, అన్నం పాచిపోయినా, గ్యాస్ లీకయినా తెలియదు. వంటగ్యాసుకు సహజంగా వాసన ఉండదు. మనలను హెచ్చరించడానికే దానికి దుర్వాసన కలుపుతారు. ఆ హెచ్చరిక అందని మనిషిని "ఇదీ ఒక జబ్బేనా" అని తీసిపారేయకండి. చెవి ముక్కు గొంతు వైద్యుని వద్దకు తీసుకువెళ్లండి. సాధనకు కావలసిన లవంగం, నిమ్మ మన వంటింటిలోనే ఉన్నాయి. కావలసినది ఓర్పు, దానికి తోడు మీ ఆదరణ.