గడియ వేసిన తలుపు: దక్షిణాసియాలో అగ్నిభద్రతా తనిఖీల కథ

అగ్నిప్రమాదాల మీద మెయిన్స్‌లో ప్రశ్న వస్తే మనలో చాలామంది రాసే జవాబు ముందే తెలుసు. చట్టాలు ఉన్నాయి, అమలు లేదు, అవినీతి ఉంది, అవగాహన పెంచాలి. ఇందులో తప్పేమీ లేదు. కానీ ఇదే జవాబు రోడ్డు ప్రమాదాలకూ, కల్తీ ఆహారానికీ అతుకుతుంది. అన్నిటికీ అతికే జవాబుకు మార్కులు రావు. అందుకే ఈ వ్యాసంలో మిమ్మల్ని ఒకే ఒక్క వస్తువు దగ్గర నిలబెట్టి చరిత్ర చూడమంటున్నాను. ఆ వస్తువు తలుపు.

మొదట చట్టం. 1911లో న్యూయార్క్‌లోని ట్రయాంగిల్ షర్ట్‌వెయిస్ట్ దుస్తుల ఫ్యాక్టరీలో 146 మంది చనిపోయారు. మెట్లవైపు తలుపుకు తాళం వేసి ఉండటం అక్కడి పెద్ద కారణాల్లో ఒకటి. మన దగ్గర రాయల్ కమిషన్ ఆన్ లేబర్ 1931లో నివేదిక ఇచ్చాక 1934 ఫ్యాక్టరీల చట్టం వచ్చింది. లోపల మనిషి ఉన్నంతసేపు బయటికి వెళ్లే తలుపుకు తాళం ఉండకూడదు, లోపలి నుంచి వెంటనే తెరుచుకోవాలి, జారుడు తలుపు కాకపోతే బయటివైపుకే తెరుచుకోవాలి అన్న నియమం అందులో ఉంది. విభజన తర్వాత పాకిస్తాన్ ఆ చట్టాన్నే ఉంచుకుంది. భారత్ 1948 ఫ్యాక్టరీల చట్టం 38వ సెక్షన్‌లోకి ఆ నియమాన్ని తెచ్చుకుంది. తూర్పు పాకిస్తాన్‌లో అది 1965 చట్టంలోకి, అక్కడి నుంచి బంగ్లాదేశ్ 2006 కార్మిక చట్టం 62వ సెక్షన్‌లోకి వెళ్లింది. దేశాలు మూడైనా నియమం దాదాపు ఒకటే. కాబట్టి ఈ మూడు దేశాల్లో తలుపుల వెనక చనిపోయినవాళ్ల గురించి రాసేటప్పుడు 'చట్టం లేకపోవడం' అన్న మాట వాడకండి. చట్టం ఉంది. ఆ తలుపును ఎవరు, ఎప్పుడు, ఎవరి తరఫున వెళ్లి చూశారన్న దగ్గరే తేడా వచ్చింది.

ఇక్కడ ఒక చిన్న సాంకేతిక విషయం చెప్పుకోవాలి, లేకపోతే తర్వాతి కథ అర్థం కాదు. అత్యవసర నిష్క్రమణ ద్వారం వేరు, ఫైర్ డోర్ వేరు. మొదటిది మనిషిని బయటికి పంపడానికి. రెండోది మంటనూ పొగనూ ఆపడానికి. మెట్లదారి మొదట్లో ఉండే తలుపు చాలాసార్లు ఈ రెండు పనులూ చేయాలి. నిర్ణీత సమయం మంటకు తట్టుకోవాలి; జాతీయ భవన నియమావళి 2016 ప్రకారం తప్పించుకునే మార్గంలోని ఫైర్ డోర్లకు ఇది 120 నిమిషాలు. దానికి డోర్ క్లోజర్ ఉండాలి, అంటే మనిషి దాటగానే తనంతట తానే మూసుకోవాలి. అంచుల్లో ఉండే ప్రత్యేకమైన పట్టీ వేడికి ఉబ్బి సందును పూడ్చేయాలి. తాళంచెవి లేకుండా లోపలి నుంచి తెరుచుకోవాలి.

ఇప్పుడు మీరు ఏదైనా అపార్ట్‌మెంట్‌కో కోచింగ్ సెంటర్‌కో వెళ్లి చూడండి. గాలి రావాలని ఆ తలుపుకు ఇటుకో చెక్కముక్కో అడ్డం పెట్టి తెరిచి ఉంచుతారు, లేదా దొంగల భయంతో తాళం వేస్తారు. మొదటి సందర్భంలో మెట్లదారి పొగగొట్టం అవుతుంది, రెండో సందర్భంలో బోను అవుతుంది. తలుపు కొనడంతో పని అయిపోదని, దాన్ని పదేపదే చూస్తూ ఉండాలని అనేది ఇందుకే. గోడ పదేళ్లు అలాగే ఉంటుంది, తలుపు మాత్రం వాడేవాళ్ల అలవాటును బట్టి రోజూ మారుతుంది.

2012 సెప్టెంబర్ 11న కరాచీలోని బల్దియా టౌన్‌లో అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే దుస్తుల ఫ్యాక్టరీ కాలిపోయి 250 మందికి పైగా చనిపోయారు. కిటికీలకు ఇనుప చువ్వలు, తలుపులకు తాళాలు. అది దొంగచాటుగా నడిచిన ఫ్యాక్టరీ కూడా కాదు. ప్రమాదానికి కొన్ని వారాల ముందే, కార్మికుల భద్రతకు అంతర్జాతీయ ప్రమాణంగా చెప్పే ఎస్‌ఏ 8000 ధ్రువపత్రం దానికి వచ్చింది. ఆ మంట బలవంతపు వసూళ్ల గొడవలో కావాలనే పెట్టిందని 2020లో కరాచీలోని ఉగ్రవాద వ్యతిరేక కోర్టు తేల్చింది. ఈ విషయం చెప్పి 'ఇది నేరం, భద్రతా లోపం కాదు' అని కొందరు వాదిస్తారు. నేను ఒప్పుకోను. మంట ఎలా మొదలైందన్నది ఒక ప్రశ్న, లోపలివాళ్లు ఎందుకు బయటికి రాలేకపోయారన్నది వేరే ప్రశ్న. రెండో ప్రశ్నకు జవాబు తాళాల దగ్గరే ఉంది. ఆ తాళాలను చూడాల్సిన తనిఖీ, ఫ్యాక్టరీ యజమాని డబ్బు కట్టి తెప్పించుకున్న తనిఖీ.

అదే ఏడాది నవంబర్ 24న ఢాకా శివార్లలోని ఆశులియాలో తాజ్రీన్ ఫ్యాషన్స్‌లో మంటలు లేచాయి. కింది అంతస్తులో బట్ట, నూలు నిల్వలు అంటుకున్నాయి. అలారం మోగితే సూపర్‌వైజర్లు కార్మికులను తిరిగి మిషన్ల దగ్గర కూర్చోమన్నారు. కొన్ని అంతస్తుల్లో కొలాప్సిబుల్ గేట్లకు తాళాలు వేసి ఉన్నాయి. 112 మంది పోయారు. ఐదు నెలలకు, 2013 ఏప్రిల్ 24న, రానా ప్లాజా కూలి 1,100 మందికి పైగా మరణించారు.

ఆ తర్వాత జరిగిన దాన్ని మీరు కొంచెం జాగ్రత్తగా చదవాలి. 2013 మేలో 'బంగ్లాదేశ్ అగ్ని, భవన భద్రతా ఒప్పందం' కుదిరింది. అందరూ దాన్ని అకార్డ్ అంటారు. ఒకవైపు యూరప్, అమెరికాల దుస్తుల బ్రాండ్లు, అవి చివరికి 200 దాటాయి. మరోవైపు ఇండస్ట్రియల్, యూఎన్‌ఐ అనే అంతర్జాతీయ కార్మిక సంఘాలు, వాటితో పాటు బంగ్లాదేశ్ సంఘాలు. దాని పరిధిలోకి 1,600కు పైగా ఫ్యాక్టరీలు వచ్చాయి. అంతకుముందు స్వచ్ఛంద నియమావళులు ఎన్నో ఉన్నాయి. దీని ప్రత్యేకత ఏమిటంటే తనిఖీ చేసే ఇంజనీరు ఫ్యాక్టరీ తరఫు మనిషి కాడు. నివేదికను ఫ్యాక్టరీ పేరుతో సహా బయట పెట్టారు. ఏ అంతస్తులో ఏ తలుపు మార్చాలి, గడువు ఎంత, మార్చారా లేదా అన్నది ఎవరైనా చదువుకోవచ్చు. దిద్దుబాటుకు ఒప్పుకోని ఫ్యాక్టరీకి ఒప్పందంలోని ఏ బ్రాండూ ఆర్డరు ఇవ్వకూడదు. బ్రాండే మాట తప్పితే మధ్యవర్తిత్వానికి లాగవచ్చు. 2016లో రెండు బ్రాండ్ల మీద కార్మిక సంఘాలు హేగ్‌లోని శాశ్వత మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి వెళ్లాయి కూడా. ఆ వివాదాలు చివరికి పరిష్కార ఒప్పందాలతో ముగిశాయి. హేగ్ పేరు వినగానే మనకు దక్షిణ చైనా సముద్రం తీర్పు గుర్తొస్తుంది, ఢాకా ఫ్యాక్టరీల తలుపులు కూడా ఆ గుమ్మం తొక్కాయని రాస్తే జవాబు పత్రంలో ప్రత్యేకంగా కనిపిస్తుంది.

తనిఖీల్లో మళ్లీ మళ్లీ బయటపడ్డవి ఇవే: తాళం పడే గేట్లు, ఫైర్ డోర్ లేని మెట్లదారులు, నిష్క్రమణ మార్గంలో పేర్చిన అట్టపెట్టెలు. కొలాప్సిబుల్ గేట్లు తీసేసి ఫైర్ డోర్లు పెట్టడం ఖరీదైన పని. ధ్రువీకరించిన తలుపులను ఎక్కువగా విదేశాల నుంచే తెప్పించుకోవలసి వచ్చింది. ఖర్చు మా మీద, పేరు మీకా అని యజమానులు అడిగారు. అది అన్యాయమైన ప్రశ్నేం కాదు, బట్ట ధర పెంచకుండా భద్రత పెంచమనే కొనుగోలుదారుకు జవాబు చెప్పడం కష్టం. విదేశీ సంస్థలు మన ఫ్యాక్టరీలను తనిఖీ చేయడమేమిటన్న సార్వభౌమత్వ వాదమూ వచ్చింది. విషయం కోర్టుకెక్కింది. 2020లో ఆ బాధ్యత స్థానికంగా ఏర్పడిన ఆర్‌ఎంజీ సస్టెయినబిలిటీ కౌన్సిల్‌కు మారింది.

ఒక పోలిక చూడండి. 2021 జూలై 8న ఢాకాకు దగ్గరలోని రూప్‌గంజ్‌లో హాషెమ్ ఫుడ్స్ ఫ్యాక్టరీ కాలి 50 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో పిల్లలున్నారు. అక్కడ కూడా మెట్లదారికి తాళమే. దేశం అదే, 62వ సెక్షనూ అదే. కానీ అది జ్యూసులు, తినుబండారాలు తయారుచేసే ఫ్యాక్టరీ, ఎగుమతి దుస్తుల ఫ్యాక్టరీ కాదు. అకార్డ్ తలుపుల దగ్గరికి వెళ్లిన ఇంజనీర్లు ఈ గేటు దాకా రాలేదు.

ఇక మన దేశం. ఢిల్లీలో 1997 జూన్ 13న ఉపహార్ సినిమా హాల్లో 'బోర్డర్' ఆడుతుండగా కింద పార్కింగ్ పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మంట లేచింది. 59 మంది చనిపోయారు. చాలామందిని చంపింది మంట కాదు, బాల్కనీలో కమ్మిన పొగ. బాల్కనీలో అదనపు సీట్లు వేయడానికి కుడివైపు దారిని మూసేశారు, ఒక బయటి ద్వారానికి అడ్డంగా ప్రైవేటు బాక్సు కట్టారు, ఆట మొదలయ్యాక తలుపులకు గడియలు వేశారు. ఇవన్నీ కోర్టు రికార్డుల్లో ఉన్నాయి. ఇందులో దాచి చేసింది తక్కువ. అదనపు సీట్లకు 1976లో ప్రభుత్వమే అనుమతి ఇచ్చింది, 1979లో రద్దు చేశాక కూడా కొన్ని మిగిలాయి. 1983 తర్వాత హాలు ఏళ్ల తరబడి తాత్కాలిక పర్మిట్లతోనే నడిచింది. పర్మిటు పొడిగించిన ప్రతిసారీ ఎవరో ఒక అధికారి తనిఖీ అయినట్టు సంతకం పెట్టి ఉండాలి కదా! 2015లో సుప్రీంకోర్టు ఇద్దరు యజమానులకు ఒక్కొక్కరికి 30 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఎథిక్స్ పేపర్‌కు ఈ కేసును మించిన ఉదాహరణ దొరకడం కష్టం.

మన చట్రం త్వరగా చూద్దాం. అగ్నిమాపక సేవలు 74వ సవరణతో వచ్చిన 12వ షెడ్యూల్‌లో, 243డబ్ల్యూ అధికరణం కింద పురపాలక విధుల్లో ఉన్నాయి. భవన నియమావళి 1970లో మొదట వచ్చింది, 1983, 2005, 2016లో మారింది. నాలుగో భాగం అగ్ని, ప్రాణ భద్రత. అది సిఫార్సు మాత్రమే, రాష్ట్రం తన నిబంధనల్లో చేర్చుకుంటేనే కట్టుబాటు. మహారాష్ట్ర 2006 చట్టం ప్రకారం యజమాని లైసెన్సు ఉన్న ఏజెన్సీతో పరికరాలు తనిఖీ చేయించి ఏటా జనవరిలో, జూలైలో ధ్రువపత్రం ఇవ్వాలి. కేంద్రం 2019లో నమూనా బిల్లు పంపింది. 1948 చట్టంలోని 38వ సెక్షన్‌ను 1987లో సాధారణ భాషలోకి మార్చి, తలుపుల వివరాలను రాష్ట్రాల నియమాలకు వదిలారు. 2020 వృత్తి భద్రతా కోడ్‌తో ఇన్‌స్పెక్టరు 'ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్' అయ్యాడు. సలహాదారూ తనిఖీదారూ ఒకే మనిషి కావడం వల్ల మేలెంత, కీడెంత అన్నది మీరు రెండు వైపులా రాయగలగాలి.

ఇంత చట్రంలోనూ అందనివి ఉన్నాయి. మన రెండు తెలుగు రాష్ట్రాలకూ మూలమైన 1999 అగ్నిమాపక చట్టం ఎన్‌ఓసీ కోసం నివాస భవనాలకు 18 మీటర్ల ఎత్తును గీతగా పెట్టింది. ఎత్తైన భవనానికి ముప్పు ఎక్కువన్నది నిజమే. కానీ 2025 మే 18న హైదరాబాద్ గుల్జార్ హౌజ్‌లో 17 మందిని బలిగొన్నది ఆకాశహర్మ్యం కాదు. కింద నగల దుకాణాలు, పైన కుటుంబాలు ఉండే పాత భవనం, రాకపోకలకు ఒకటే ఇరుకుదారి. 2022 మే 13న 27 మంది చనిపోయిన ఢిల్లీ ముండ్కా భవనానికీ బయటపడే దారి ఒక్కటే.

పోలికకు ఇంగ్లండ్‌ను తీసుకోండి. 2017 జూన్ 14న గ్రెన్‌ఫెల్ టవర్‌లో 72 మంది చనిపోయాక, చాలా ఫ్లాట్ల తలుపులు తమంతట తాము మూసుకోలేదని విచారణలో తేలింది. 2023 జనవరి 23 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం 11 మీటర్లు దాటిన నివాస భవనాల్లో ఉమ్మడి ఫైర్ డోర్లను మూడు నెలలకోసారి, ఫ్లాట్ల తలుపులను వీలైనంత వరకు ఏడాదికోసారి చూడాలి. అక్కడ చట్టం భవనం పేరు చెప్పి ఊరుకోలేదు, తలుపు పేరు చెప్పింది. మన ఎన్‌ఓసీ భవనం మొత్తానికి ఒక కాగితం. అది ఉందా లేదా అన్నదే సాధారణంగా బయటికి తెలుస్తుంది, ఏ అంతస్తులో ఏ తలుపుకు క్లోజర్ ఊడిపోయిందో అద్దెకుండేవాడికి తెలిసే దారి లేదు. అకార్డ్ వెబ్‌సైటులో ఆశులియాలోని కుట్టుపని కార్మికురాలు చదవగలిగింది సరిగ్గా ఆ వివరమే. 2023 జనవరిలో ఆ పద్ధతిని పాకిస్తాన్‌కు కూడా విస్తరించే ఒప్పందం మొదలైంది, బల్దియా ప్రమాదం జరిగిన పదేళ్లు దాటాక.